బస్సు ఆగే చోటికి నూరడుగులు

పలమనేరు
5-2-1979

వసంతక్కకు,

ముందుగా నా చేతిరాతను మన్నించు. ఐదో తరగతితో ఆగిపోయిన చెయ్యి ఇది. ఒత్తులు పడవలసిన చోట పడవు, వరుస వంకర పోతుంది. తప్పులున్న చోట నువ్వే దిద్దుకుని చదువుకో. బావకు చూపించి నవ్వుకోవద్దు.

ఇక్కడ అందరం బాగున్నాం. మా అత్త కుప్పమ్మకు మోకాళ్ళ నొప్పి ఎక్కువైంది, రోజూ ఆముదం కాచి రాస్తున్నాను. మీ పాప పలక పట్టిందా?

ఆయనకు తిరుపతిలో ఒక ప్రెస్సులో పని దొరికింది. సీసం అక్షరాలు ఏరి వరుసగా కూర్చే పని, ఇక్కడ చేసిందే. మార్చి ఒకటిన చేరాలి. మూడు నెలలు చూసి జూన్‌లో పర్మనెంటు చేస్తారట. ఊళ్ళో ఇళ్ళు దొరకడం లేదు. యాత్రికులకు గదులుగా ఇచ్చుకుంటే ఎక్కువ వస్తుందని సంసారులకు ఇవ్వరట. అందుకని ఊరికి కొంచెం వెలుపల, రోజూ పోయిరావడానికి వీలుగా ఇల్లు చూసుకోవాలి. బావ చిత్తూరు తిరుపతి బస్సులో ఏడేళ్ళుగా కండక్టరు. ఆయనకు తెలియని స్టాపు ఉండదు. ఒక ఇల్లు చూసిపెట్టమని అడగక్కా.

ఆ ఇల్లు ఎలా ఉండాలో చెప్పాలంటే ఇంకో సంగతి చెప్పాలి. మూడు రోజులుగా ఈ కాగితం ముందర కూర్చుంటున్నాను, లేస్తున్నాను.

ఆయనకు మూర్ఛ ఉంది. పెళ్ళయిన నాలుగో నెలలో మొదటిసారి చూశాను. చెయ్యి కడుక్కుంటూ కడుక్కుంటూ చెంబు మీదనే పడిపోయారు. కళ్ళు పైకి తిరిగాయి, నోట్లో నురగ. మా అత్త పరుగెత్తుకొచ్చి, ఇనుము పట్టిస్తే తగ్గుతుందని బీగంచెవుల గుత్తి ఆయన చేతిలో పెట్టింది. కాసేపటికి లేచి, "ఏమైంది, ఎందుకట్ల చూస్తావు?" అన్నారు. ఈ రెండేళ్ళలో నాలుగుసార్లు వచ్చింది. ఇక్కడి ప్రెస్సు మూతపడిందని మీకు చెప్పాం కదా, మూతపడలేదు. అక్కడ ఒకసారి పడ్డారు. "చేసింది చాల్లేప్పా, ఇంటికి పో" అని పంపేశారు.

తిరుపతిలో తెలిస్తే ఈ పని కూడా పోతుంది. పడరాని చోట పడితే మనిషే పోతాడు. డాక్టరు మాత్రలిచ్చి, బావులకు, చెరువులకు దూరంగా ఉండమన్నాడు, సైకిలు అసలు ముట్టవద్దన్నాడు. కాబట్టి పెరట్లో బావి వద్దు, పక్కన రైలుపట్టాలు వద్దు, మేడ మీద వద్దు. గడప దిగి నాలుగడుగులు వేస్తే బస్సు ఆగాలి. బస్సులో పడినా పట్టుకోవడానికి పదిమంది ఉంటారు.

మొదటిసారి చూసిన వారంలోనే మా అత్త నన్ను కాణిపాకం తీసుకుపోయింది. స్నానం చేయించి, తడి చీరతో స్వామి ముందర నిలబెట్టి, ఈ మాట ఎవరితోనూ చెప్పనని ప్రమాణం చేయించింది. అక్కడ ప్రమాణం తప్పిన వాళ్ళ కథలు మనం చిన్నప్పటి నుంచి విన్నవే. నోటితో చెప్పనని చేశాను. రాయనని చెయ్యలేదు. ఇది తప్పో కాదో ఆ స్వామే చూసుకోవాలి. నువ్వు కూడా ఆ స్వామి పేరు మీద ఒట్టు పెట్టుకో, బావకు కూడా చెప్పనని. బావ మంచివారు. కానీ బావ నోట పడిన మాట చిత్తూరులో బస్సెక్కి తిరుపతిలో దిగుతుంది.

నీ చెల్లెలు
పంకజాక్షి


చిత్తూరు
12-2-1979

పంకజానికి,

నీ కవరు మధ్యాహ్నం వచ్చింది. మీ బావ డ్యూటీలో ఉన్నాడు. చదివి, పొయ్యి మీద పప్పు మాడే దాకా అలాగే కూర్చుండిపోయాను. రెండేళ్ళు ఒక్కదానివే మోశావా? గంగ జాతరకు వచ్చినప్పుడు ఒంటరిగా గోడవైపు తిరిగి పడుకుంటే, అత్త పోరు పడలేక అనుకున్నాను.

దీపం వెలిగించి, పాప తలమీద చెయ్యిపెట్టి, కాణిపాకం స్వామి పేరు చెప్పి ఒట్టు పెట్టుకున్నాను. నా నోట ఈ మాట రాదు. నువ్వు నిశ్చింతగా ఉండు.

మీ బావకు ఇంటి సంగతి చెప్పగానే మహా హుషారు వచ్చింది. తిరుపతి చుట్టూ ఉన్న పల్లెలన్నీ అన్నం తింటూ తింటూ చెప్పేశాడు.

"రేణిగుంట చూసుకోమను. పొద్దున ప్యాసింజరు, సాయంత్రం ప్యాసింజరు. నాకు తెలిసిన ఇల్లొకటి ఉండాది, పట్టాల పక్కనే. గడప దిగితే స్టేషను" అన్నాడు.

"పట్టాల పక్కన వద్దు. పంకజానికి రైలు కూత పడదు" అన్నాను. ఏం చెప్పాలో తోచక.

"కూత పడదా! సరే, చంద్రగిరి. నా బస్సులోనే పోయి రావచ్చు. పెరట్లో బావి, చేద వేస్తే చేతికందే నీళ్ళు."

"బావి ఉన్న ఇల్లు వద్దు."

"రైలు వద్దు, బావి వద్దు, మిద్దె వద్దు. మీ మరిది మునిరత్నానికి కాళ్ళుండాయా లేవా? బస్సు వంటింట్లోకి రావల్నా? చంద్రగిరి కోట ఖాళీగా ఉండాది. రాజులెవరూ లేరు, బాడుగకు ఇస్తారేమో అడిగేదా?"

నవ్వు వచ్చి నవ్వేశాను పంకజా. తర్వాత లోపలికి పోయి ఏడ్చాను.

నీకు గర్వం పట్టిందని ఆయన అనుకుంటున్నాడు. అనుకోనీ. ఇల్లు మాత్రం వెదుకుతాడు. మాత్రలు మరిచిపోనివ్వకు.

అక్క
వసంతమ్మ


పలమనేరు
20-2-1979

అక్కకు,

నీ జాబు చదివి, నీ ఒట్టు సంగతి చదివి భయపడ్డాను. పాప తలమీద ఎందుకు పెట్టావు? ఉత్త దేవుడి పేరు చాలదా? అడిగిందాన్ని నేనే, నిన్నేమంటాను.

మొన్న ఆయన ప్రెస్సు చూసి రావడానికి తిరుపతి పోయారు. చిత్తూరు బస్టాండులో బావ కనిపించారట. ఇంటికి వచ్చిన మనిషి చొక్కా కూడా విప్పకుండా నన్ను నిలదీశారు. బావ అందరి ముందర, "ఏమప్పా షడ్డకుడా, నడిచేదానికి చేతకాదంటనే! మెట్టు దిగితే బస్సుండాలంట? యాడినుంచి తెచ్చేది అట్లాంటి ఇల్లు?" అన్నారట. డ్రైవర్లు నవ్వారట.

"ఎవరు చెప్పమన్నారు నిన్ను? నేనేమైనా కుంటోన్నా?" అన్నారు. నీకు అసలు సంగతి రాశానని ఆయనకు తెలియదు.

అక్కా, ఆయన అక్కడ బావతో ఏమన్నారో తెలుసా? "యాడైనా సరే చూడన్నా. ఎంత దూరమైనా నేను సైకిల్లో పోతా" అన్నారట. ఊరికే మాటకు మాట. బావ ఆ మాట పట్టుకోకుండా చూడు.

మా అత్త మాకు పెట్టి పంపడానికి చింతపండు, ఉలవలు, ఊరగాయ కుండలు సర్దుతున్నది. కొడుకు దూరం పోతాడని మనసులో భయం, పైకి మాత్రం నా మీద విసుక్కుంటుంది. నిన్న నా చేతిలో ఆ బీగంచెవుల గుత్తి పెట్టి, పోయి కొట్టంలో కూర్చుంది.

పంకజాక్షి


చిత్తూరు
26-2-1979

పంకజానికి,

ఇల్లు దొరికింది! తిరుచానూరులో. నువ్వు అడిగింది అడిగినట్టు కుదిరింది. పెంకుటిల్లు, నేల మీదే. ఒక గది, వంటిల్లు, వసారా. బావి లేదు, వీధిలో చేతిపంపు. రైలు కూత వినిపించదు. మునిరామయ్య అని ఒక ముసలాయన ఇల్లుగలాయన, పక్క వాటాలో ఉంటాడు, చెవుడు కొంచెం. అమ్మవారి గుడికి వచ్చే జనం వల్ల తిరుపతికి బస్సులు పొద్దుగూకులూ ఉంటాయట. మీ బావ గడప దగ్గర నుంచి బస్సు ఆగే చోటికి అడుగులు లెక్కపెట్టి వచ్చాడు. "నూరడుగులు. ఒకటి ఎక్కువుంటే చెప్పమను నీ చెల్లెలికి" అన్నాడు. వెక్కిరింతే, కానీ అంత ఎండలో నిలబడి లెక్కపెట్టాడు చూడు.

శుక్రవారం రెండో తేదీ పాలు పొంగించండి. నాకు రావాలని ఎంతో ఉంది గానీ ఆ రోజుకు నేను ఇంట్లో చేరేదాన్ని కాను, బయట ఉంటాను. పాలు పొంగే చోటికి ఎలా వస్తాను? బావ ఒక్కడే వస్తాడు.

రెండు రోజులుగా ఏదో దాస్తున్నాడు. అడిగితే "షడ్డకునికి పెద్ద షడ్డకుడు పెట్టేది పెడతాడు, నీకెందుకే" అని నవ్వుతాడు. ఇత్తడి బిందె అయి ఉంటుంది.

వసంతమ్మ


తిరుచానూరు
9-3-1979

అక్కకు,

బిందె కాదు.

పాలు పొంగాయి, తూర్పు వైపే పొంగాయి. మునిరామయ్య తాత, ఆయన కోడలు, ఎదురింటివాళ్ళు వచ్చారు. అంతలో వీధిలో బస్సు హారను. బావ కిందికి దిగి, బస్సు పైనుంచి సైకిలు దింపించారు. హ్యాండిలుకు పసుపు పూసిన దారం, కుంకుమ బొట్టు. "మాట చెప్పినావు కదప్పా, సైకిల్లో పోతానని. ఇదిగో, పట్టు" అన్నారు. ఆయన మొహం చూశాను. ఒక్క క్షణం నా వైపు చూశారు.

పాలు పొంగిన ఇంట్లో అయినవాళ్ళు పెట్టింది కాదనకూడదు. కాదంటే ఆ ఇంటికి మంచిది కాదంటారు. అందరూ చూస్తున్నారు. నేను నోరు తెరవబోయేలోగా ఆయన హ్యాండిలు పట్టుకున్నారు. "ఒక రౌండు కొట్టి రాప్పా" అన్నారు బావ. పోయి వచ్చారు. నేను స్టవ్వు ముందర కూర్చుని సైకిలు గంట ఎప్పుడు వినిపిస్తుందా అని వింటూ ఉన్నాను. పాలు అడుగంటాయి.

ఇప్పుడు రోజూ దాని మీదే పోతున్నారు. "ఆర్నెల్లయింది, ఒక్కసారన్నా వచ్చిందా? మాత్రలు మింగుతాండా కదా. ప్రెస్సులో అందరూ సైకిళ్ళ మీదనే వస్తారు. నేనొక్కన్నే బస్సు కోసం నిలబడాల్నా, ఆడోళ్ళ మాదిరి?" అంటారు. బస్సు పోయే రోడ్డున కూడా పోరు. కాలువ గట్టు మీద అడ్డదారి ఉంది, అలా పోతే పావుగంట కలిసొస్తుందట.

నేనొక పని చేస్తున్నాను అక్కా, చెబితే నవ్వుతావు. తెల్లవారి ఆయన లేవకముందే పోయి వెనక చక్రంలో గాలి తీసేస్తున్నాను. అన్నం తిని బయలుదేరి చూస్తారు, తిట్టుకుంటారు, టైమైపోతుందని బస్సెక్కుతారు. వారంలో మూడు రోజులు అలా గడిచింది. రోజూ తీస్తే అనుమానం వస్తుందని మధ్యమధ్య వదిలేస్తున్నాను. వదిలేసిన రోజు సాయంత్రం దాకా నాకు అన్నం దిగదు.

బావ సైకిలు వెనక్కి తీసుకుపోయే దారి ఏదైనా ఉంటే చూడు. కారణం చెప్పకుండా.

పంకజాక్షి


చిత్తూరు
25-3-1979

పంకజానికి,

మీరు పాలు పొంగించిన రోజు పొద్దున మా వీధిలో బస్సు ఆపి, ఆ సైకిలు పైకెక్కించడం నేను కిటికీలోంచి చూశాను. నీకు చెప్పకుండా దాచలేను. బయట ఉన్నదాన్ని, గది దాటి రాకూడదు. "ఇదిగో" అని పిలిచాను. "ఏమే?" అన్నాడు. మాట గొంతు దాకా వచ్చింది. పాప గడపలో కూర్చుని ఆడుకుంటున్నది. దాని తల చూశాను. "ఏం లేదు, జాగ్రత్తగా పోయి రా" అన్నాను.

నీ జాబు వచ్చాక ఒక అబద్ధం అల్లాను. మీ బావ తమ్ముడికి సైకిలు కావాలట, పంకజం వాళ్ళకు బస్సు ఉంది కదా, అడిగి తీసుకొస్తావా అన్నాను. ఎంత మాటన్నాడో! "పసుపుదారం కట్టి ఇచ్చింది వెనక్కి అడిగే వంశమా మాది?" అని కంచం తోసేసి లేచిపోయాడు.

అంతటితో ఆగలేదు. మీ ఆయన బస్టాండులో కనిపించి, చక్రంలో గాలి నిలవడం లేదని చెప్పాడట. దాంతో ఈయనకు రోషం వచ్చింది. "పాత సైకిలిచ్చినానని నీ చెల్లెలు మొహం చిట్లించిందేమో, అందుకే నువ్వు వెనక్కి తెమ్మంటాండావు" అన్నాడు. రెండు కొత్త టైర్లు, ట్యూబులు, బ్రేకు కట్టలు, ఒక డైనమో లైటు కొన్నాడు. రేపు తిరుపతిలో దగ్గరుండి బిగించిపెడతాడట.

మనం ఒకటి చేస్తే ఇంకోటి అవుతున్నది పంకజా. నేను చెప్పేస్తాను. ఒట్టు పోతే పోనీ. నువ్వు "చెప్పు" అని ఒక్క మాట రాయి, ఆ రోజే చెప్పేస్తాను.

వసంతమ్మ


తిరుచానూరు
6-4-1979

అక్కకు,

వద్దు. చెప్పొద్దు.

పాప తలమీద చెయ్యిపెట్టిన ఒట్టు. రేపు దానికి చిన్న జ్వరం వచ్చినా నేను నీ మొహం చూడగలనా? కొంచెం ఓపిక పట్టు. ఏప్రిల్, మే, రెండు నెలలే. జూన్‌లో పర్మనెంటు అయితే ఇక ఎవరికి తెలిసినా ఏమీ చేయలేరట.

ఇక్కడ నేను దొరికిపోయాను. మొన్న తెల్లవారుజామున చక్రం దగ్గర కూర్చుని ఉంటే వెనక నిలబడి చూశారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వచ్చి పక్కన గొంతుకూర్చుని, "పంకజా, నేను నిద్రపోయేటప్పుడు కూడా నువ్వు నా మొహమే చూస్తా ఉంటావు. నాకు తెలుసు. పడినప్పుడు ఎట్లుంటానో నాకు తెలీదు, నీ కండ్లలో చూసి తెలుసుకుంటా. ఆ సైకిలెక్కినప్పుడు ఆ కండ్లు నా ఎనక రావు. అదొక్కటే నాకు" అన్నారు.

ఇక చక్రం ముట్టనని చెప్పాను. జూన్ ఒకటి నుంచి బస్సులో పోతానని ఆయన చెప్పారు. తర్వాత తానే పంపు తెచ్చి గాలి కొట్టుకున్నారు, నేను చక్రం పట్టుకున్నాను.

ప్రెస్సులో ఆయన చేతి పని మెచ్చుకుంటున్నారట. పెళ్ళిపత్రికలన్నీ ఆయన చేతికే ఇస్తున్నారు. నిన్న ఒక పత్రిక తెచ్చి చూపించారు, అందులో పెళ్ళికూతురి పేరు పంకజాక్షి. "నీ పేరు నా చేత్తో కూర్చినా" అన్నారు. ఇలాంటివి నీకు రాయడానికి సిగ్గు, అయినా రాశాను.

బావ ఎండలో నిలబడి చక్రాలన్నీ బిగించిపెట్టి, అన్నం కూడా తినకుండా పోయారు. నా మీద కోపం పోయిందో లేదో.

పంకజాక్షి


చిత్తూరు
20-6-1979

పంకజానికి,

నువ్వు అత్తతో పలమనేరు వెళ్ళిపోయాక ఇది మూడో కాగితం. రెండు చింపేశాను.

మన మునిరత్నం పోయి ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు. ఇంకొక్క వారం ఉంటే జూన్ వచ్చేది. ఆ మాట నేను రాయకూడదు, కానీ రోజూ అదే లెక్క వేసుకుంటున్నాను.

మీ బావను చూస్తే భయంగా ఉంది. ఆ సాయంత్రం తిరుపతి బస్టాండులో ఎవరో చెబితే టిక్కెట్ల సంచి డ్రైవరు చేతిలో పెట్టి పరుగెత్తాడు కదా, కాలువలోంచి పైకి తీసింది ఆయనే కదా, అప్పటి నుంచి మనిషి మనిషిగా లేడు. "మోకాలి లోతు నీళ్ళు వసంతా. మోకాలి లోతు. ఆ నీళ్ళలో మనిషెట్ల పోతాడు?" అంటాడు. జనం తాగి పడ్డాడన్నారని ఇద్దరితో కొట్లాడి వచ్చాడు. ఇప్పుడు ఇంకొకటి పట్టుకున్నాడు. "బ్రేకు కట్టలు నేనే ఏపించినా. మెకానిక్కు సరిగ్గా బిగించినాడో లేదో ఒకసారి తొక్కి చూడలేదు. నేనే చంపినా" అంటాడు. డ్యూటీ మార్పించుకున్నాడు, ఆ రూటులో పోలేనని.

చెప్పేస్తాను పంకజా. అది బ్రేకు కాదు, మూర్ఛ వచ్చి పడ్డాడని చెప్పేస్తాను. ఇంకా ఎవరి కోసం ఈ ఒట్టు? చెబితే ఆ బ్రేకు బాధయినా తీరుతుంది కదా. నువ్వేమంటావు?

అక్క


పలమనేరు
29-6-1979

అక్కకు,

నీ జాబు వచ్చిన మరునాడే బావ ఇక్కడికి వచ్చారు. నీకు చెప్పి వచ్చారో లేదో తెలియదు.

వసారాలో కూర్చున్నారు. మా అత్త మజ్జిగ ఇస్తే గ్లాసు పట్టుకునే ఉన్నారు, తాగలేదు. "అమ్మా పంకజం, ఒక్క మాట చెప్పు. బ్రేకు పడతా ఉండిందా? ఎప్పుడైనా ఏమైనా అన్నాడా నీతో?" అని అడిగారు. తల ఎత్తలేదు. బావ గొంతు అలా ఉండడం నేనెప్పుడూ వినలేదు. ఎప్పుడూ బస్సులో వెనక సీటుదాకా వినిపించే గొంతు.

అక్కా, నువ్వు చెబితే బ్రేకు బాధ తీరుతుందన్నావు. తీరుతుంది. దాని బదులు ఏమొస్తుందో ఆలోచించావా? సైకిలెక్కితే చస్తాడన్న మనిషికి సైకిలు తానే తెచ్చి ఇచ్చానని తెలుస్తుంది. నడవలేవా అని నలుగురిలో నవ్వింది గుర్తొస్తుంది. ఇల్లు చూసిపెట్టమని మనం ఎందుకు అన్ని వంకలు పెట్టామో తెలుస్తుంది. సైకిలు బస్సెక్కిస్తుంటే నువ్వు కిటికీలోంచి చూస్తూ ఉన్నావని కూడా తెలుస్తుంది. తర్వాత మీరిద్దరూ ఒక ఇంట్లో ఎలా ఉంటారు? బావ తప్పు లేదు. చెప్పనిది మనం. తెలియక చేసిన మనిషి ఎందుకు మొయ్యాలి?

అందుకని చెప్పాను. "బ్రేకు బాగా పడేది బావా. ఆయన మెచ్చుకునేవారు. ఆ రోజు ఆలస్యమైందని నేను గట్టు దాకా ఎదురుపోయాను. దూరం నుంచి చూశాను. బర్రె ఒకటి కాలువలోంచి గట్టెక్కింది. దాన్ని తప్పించబోయి హ్యాండిలు పక్కకు తిప్పారు. తల రాతికి తగిలింది. నేను పరుగెత్తేలోగా అయిపోయింది. మనుషుల కోసం ఊళ్ళోకి పరుగెత్తాను, ఇన్నాళ్ళూ చెప్పడానికి నోరు రాలేదు" అన్నాను.

బావ నన్నే చూశారు. "బర్రెనా?" అన్నారు. "బర్రె" అన్నాను. "నల్లదా?" అన్నారు. ఎందుకడిగారో. "నల్లది, ఒక కొమ్ము విరిగింది" అన్నాను. ఎలా వచ్చిందో ఆ కొమ్ము నా నోట. అప్పుడు బావ తలగుడ్డతో మొహం కప్పుకుని, "యా పాపిష్టోడు తోలినాడో ఆ బర్రెను" అని ఏడ్చారు. మజ్జిగ తాగారు. పోయేటప్పుడు మా అత్త కాళ్ళకు మొక్కి పోయారు.

నేను ఆ సాయంత్రం ఎక్కడికీ ఎదురుపోలేదక్కా. బస్సు ఆగే చోట నిలబడి ఉన్నాను. మరునాటి నుంచైనా బస్సులో పొమ్మని ఆ పొద్దున అడిగాను, "సరేలే" అన్నారు. ఒకవేళ అప్పుడే మనసు మార్చుకుని సైకిలు ప్రెస్సులోనే పెట్టేసి బస్సులో వస్తారేమోనని, ఆ నూరడుగులూ నడిచి పోయి నిలబడ్డాను. మూడు బస్సులు వచ్చాయి. మూడింటిలోనూ దిగినవాళ్ళందరినీ చూశాను.

మా అత్త నన్ను ఏమీ అనదు. ఒక మూల ఆమె, ఒక మూల నేను. నిన్న రాత్రి పిలిచి తన చాప మీద పడుకోమంది.

ఇక నుంచి ఎవరడిగినా బర్రె అడ్డం వచ్చింది. నువ్వు కూడా అదే చెప్పు. ఎప్పుడైనా బావ నిద్రలో లేచి అడిగినా అదే. ఈ జాబు చదివాక పొయ్యిలో వెయ్యి. పెట్టెలో దాచిన పాతవి కూడా తీసి వెయ్యి, ఒక్కటి మిగల్చవద్దు. బావ డ్యూటీ నుంచి వచ్చేలోగా బూడిద కూడా ఎత్తెయ్యి.

పంకజాక్షి